అక్కాచెల్లెళ్ళ గది: ముందు దోమతెర, ఆ తరువాతే రంగు

శ్రీరామనవమి దగ్గరపడుతున్నదంటే భద్రాచలంలో ఇళ్ళకు సున్నాలు, రంగులు వేయించే సందడి మొదలవుతుంది. కల్యాణం చూడటానికి వచ్చే బంధువులు మన ఇంట్లోనే దిగుతారు గదా, గోడలు శుభ్రంగా కనిపించాలని ఎవరికైనా ఉంటుంది. ఇటీవలి సంవత్సరాలలో ఈ సందడికి మరొక ముచ్చట తోడైంది. ఇద్దరు ఆడపిల్లలున్న ఇంట్లో వారికంటూ ఒక గది కేటాయించి, దానిని బొమ్మలతో, రంగులతో, మెరిసే దీపాలతో తీర్చిదిద్దడం. గోడకు గులాబీ రంగా, లేత ఊదా రంగా. మంచం ఒకటా, రెండా, లేక ఒకదానిపై ఒకటి అమర్చిన మెట్ల మంచమా. బీరువాకు అద్దం ఉండాలా, వద్దా అని తల్లిదండ్రులు రోజుల తరబడి తర్జనభర్జన పడుతుంటారు.

ఈ ముచ్చటను నేను మనసారా ఆహ్వానిస్తాను. ఒక తరం క్రితం ఇంట్లో గది అంటూ మిగిలితే అది చదువుకునే కొడుకుకు దక్కేది. ఆడపిల్లలు నాయనమ్మ పక్కన, హాలులో చాప మీద సర్దుకునేవారు. ఈనాడు అక్కాచెల్లెళ్ళకు ఒక తలుపు, ఒక కిటికీ, ఒక బల్ల దక్కుతున్నాయంటే అది చిన్న మార్పు కాదు. అయితే ఆ గదికి పెట్టే ఖర్చు ఏ వరుసలో పెడుతున్నామన్న విషయంలోనే నాకు మీతో పేచీ ఉన్నది. సీలింగుకు నక్షత్రాలు అతికించడానికి డబ్బు దొరుకుతుంది. కిటికీకి జాలీ బిగించే వేళకు చేతిలో డబ్బు అయిపోతుంది. గోదావరికీ అడవికీ నడుమనున్న మన ప్రాంతంలో ఈ వరుస తలక్రిందులు కావలసినదని నా అభిప్రాయం. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

ఆరు నుండి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటల నిద్ర అవసరం. పదమూడు దాటిన వారికి 8 నుండి 10 గంటలు కావాలి. అంటే మీ పిల్లల బాల్యంలో మూడవ వంతుకు పైగా ఆ పడకగదిలోనే గడుస్తుంది. ఆ సమయంలో వారు మెలకువగా ఉండరు, దోమను తోలుకోలేరు, పాకే పురుగును గమనించలేరు, ఉక్కపోస్తే లేచి కిటికీ తీయలేరు. కాబట్టి గోడ మీది బొమ్మ కంటే రాత్రి పదింటి నుండి తెల్లవారుజాము అయిదింటి వరకు ఆ గది ఎలా ప్రవర్తిస్తుందన్నది ముఖ్యం.

మొదట దోమ సంగతి. మన పెద్దలు మన్యం జ్వరమని పిలిచిన దానికి కారణం అడవి గాలి కాదు, దోమ కడుపులో పెరిగే పరాన్నజీవి అని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన తెలుగు నేల మీదనే, సికింద్రాబాదులో. అప్పటి నుండి ఇప్పటికి మలేరియా ఎంతో తగ్గింది, నిజమే. కాని చర్ల, దుమ్ముగూడెం వంటి మండలాలలో వానలు మొదలైతే చలిజ్వరం అన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమలు చీకటి పడినప్పటి నుండి తెల్లవారే వరకు కుడతాయి. పిల్లలు గాఢంగా నిద్రించే వేళ అదే. అందుచేత గదికి రంగు వేయించడానికి ముందే దోమతెర కట్టే కొక్కేలు గోడలోనో, పైకప్పులోనో బిగించండి. రంగు వేసిన తరువాత మేకు కొట్టడానికి ఎవరికీ మనసు ఒప్పదు. తెర అటకెక్కుతుంది. ఇది చాలా ఇళ్ళలో జరిగేదే.

ఇద్దరు పిల్లలు ఒకే మంచం మీద పడుకుంటున్నట్లయితే తెర మరింత పెద్దది కావాలి. ఇరుకైన తెరలో నిద్రలో దొర్లే చిన్నదాని చెయ్యో, మోకాలో తెరకు ఆనుకుంటుంది. దోమ బయట కూర్చొని హాయిగా రక్తం తాగిపోతుంది. తెర అంచులు పరుపు క్రింద దోపి ఉండాలి. మంచం చుట్టూ అందంగా వేలాడే గొడుగు తెరలు బొమ్మల పుస్తకంలో రాకుమార్తె మంచానికి బాగుంటాయి గాని, క్రింద అంగుళం ఖాళీ ఉంటే అవి దోమలకు లోపల గది కట్టి ఇచ్చినట్లే. ఏజెన్సీ గ్రామాలలో ప్రభుత్వం పంచే మందు పూసిన తెరలను తేలికగా చూడకండి. వాటి మందు సుమారు ఇరవై ఉతుకుల వరకు, మూడేళ్ళ వాడకం వరకు పనిచేసేటట్లు తయారు చేస్తారు. ఉతికినప్పుడు నీడలో ఆరవేయండి, ఎండలో వేస్తే మందు చెడుతుంది. వాటిని చేపలు పట్టడానికో, కూరపాదులకో వాడితే నష్టపోయేది ఆ ఇంటి పిల్లలే.

తెర ఉక్క అని కాయిల్ వెలిగించే వారున్నారు. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం కొన్ని దేశాల కాయిళ్ళను పరీక్షించి, ఒక్క కాయిల్ కాలినప్పుడు వెలువడే అతి సూక్ష్మ ధూళి 75 నుండి 137 సిగరెట్ల పొగకు సమానమని లెక్క కట్టింది. తలుపులు మూసిన పదడుగుల గదిలో, ఎదుగుతున్న ఊపిరితిత్తుల పక్కన మనం పెట్టేది అది. ప్లగ్గులో పెట్టే ద్రవ మందు పొగ రాదని వాడేవారు, ఆ సీసా చిన్నపిల్ల చేతికి అందే ఎత్తులో ఉన్నదేమో ఒకసారి చూసుకోండి. తెర, జాలీ, చీకటిపడకముందే తలుపులు వేయడం, ఈ మూడూ ఉన్న ఇంట కాయిల్ అవసరం చాలా తగ్గుతుంది.

దోమ అంటే రాత్రిదే అనుకోవడం కూడా పొరపాటు. డెంగీని మోసే ఈడిస్ దోమ పగలు కుడుతుంది, శుభ్రమైన నిలవ నీటిలో గుడ్లు పెడుతుంది. ఈమధ్య పిల్లల గదులలో అందానికి గాజు సీసాలో నీళ్ళు పోసి మనీప్లాంటు పెంచుతున్నారు. వారం రోజులు ఆ నీరు మార్చకపోతే మీరు పెంచుతున్నది మొక్కను మాత్రమే కాదు. మొక్క కావాలంటే మట్టి కుండీలో పెంచండి, క్రింది పళ్ళెంలో నీరు నిలవనివ్వకండి. అదే మాట గదికి తగిలించిన ఎయిర్ కూలరుకు కూడా వర్తిస్తుంది.

ఇక మంచం. నేల మీద పడక మన అలవాటు, వేసవిలో నాపరాయి చల్లగా ఉంటుంది, ఆ సుఖం నాకూ తెలుసు. కాని మన ప్రాంతంలో కట్లపాము ఉన్నది. అది రాత్రివేళ ఎలుకల కొరకో, ఇతర పాముల కొరకో ఇళ్ళలోకి వస్తుంది. నేల మీద నిద్రిస్తున్నవారు కదిలితే కాటు వేస్తుంది. దాని కాటు నొప్పి పెట్టదు, వాపు రాదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున పిల్ల కడుపునొప్పి అంటుంది, కనురెప్పలు వాలిపోతాయి, మింగలేకపోతుంది, మాట ముద్దగా వస్తుంది. తిన్నది పడలేదేమో అని వాము నీళ్ళు తాగిస్తూ కూర్చుంటే విలువైన గంటలు పోతాయి. నేల మీద పడుకున్న పిల్లకు తెల్లవారేసరికి ఈ లక్షణాలు కనిపిస్తే పాము కాటును అనుమానించి, మంత్రగాడి దగ్గరకు కాక, 108కి ఫోను చేసి విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి నేరుగా తీసుకుపోండి.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం చెప్పాలి. నేపాల్ తరాయి ప్రాంతంలో జరిపిన పరిశోధన 2007లో ప్రచురితమైంది. దోమతెరలో నిద్రించేవారికి పాము కాటు ప్రమాదం తక్కువని అది తేల్చింది. పరుపు క్రింద దోపిన తెర దోమకే గాక పాముకు కూడా అడ్డుగోడ అన్నమాట. రెండు మూడు వందల రూపాయల గుడ్డ చేసే ఇంతటి మేలు, వేల రూపాయల గోడకాగితం చేయలేదు. నేలకు అడుగున్నర ఎత్తున మంచం, గోడకు కొంచెం ఎడంగా, చుట్టూ దోపిన తెర, తలుపు క్రింద సందు మూసే చెక్క, మంచం క్రింద సామాను లేకపోవడం. అక్కాచెల్లెళ్ళ గదికి నా దృష్టిలో తొలి అలంకారం ఇదే.

మెట్ల మంచం గురించి చాలామంది అడుగుతారు. ఇరుకు గదిలో స్థలం కలిసివస్తుంది గనుక అది ఆకర్షణీయంగానే ఉంటుంది. విదేశాలలో తయారైన సలహాలు పై మంచం మీద ఆరేళ్ళ లోపు పిల్లలను పడుకోబెట్టవద్దని చెబుతాయి. కాని మన ఇళ్ళలో పైకప్పుకు ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. మన గదిలో పై మంచం మీద లేచి కూర్చున్న పిల్ల తలకూ, ఫ్యాను రెక్కకూ మధ్య ఎంత దూరమున్నదో టేపు పెట్టి కొలిచి, చెయ్యి పైకెత్తినా అందదని రూఢి చేసుకున్న తరువాతే కొనండి. పైగా వేడిగాలి పైకి చేరుతుంది. మే నెలలో స్లాబు క్రింద రెండడుగుల దూరంలో నిద్రపొమ్మనడం పిల్లకు శిక్ష. చిన్న గదిలో రెండు సన్నని మంచాలు, పగటిపూట ఒకదాని క్రిందికి ఒకటి తోసుకునే వీలున్నవి, వడ్రంగితో చేయించుకోవడం మేలు.

వేడి విషయం వచ్చింది గనుక దానినే కొనసాగిస్తాను. సాధారణంగా పిల్లలకు కేటాయించేది మేడ మీద కొత్తగా వేసిన గది. పగలంతా ఎండ తాగిన స్లాబు అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. మన దగ్గర మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండటం కొత్త కాదు. నిద్ర చాలని పిల్ల మరునాడు చిరాకుపడుతుంది, చదివింది నిలవదు, తలనొప్పి అంటుంది. కళ్ళజోడు కావాలేమోనని తల్లిదండ్రులు బయలుదేరుతారు. గది లోపలి రంగుకు పెట్టే ఖర్చులో కొంత గది పైకప్పుకు పెట్టండి. స్లాబు మీద సున్నపు పూతగాని, ఎండను తిప్పికొట్టే తెల్లరంగుగాని వేయిస్తే లోపల వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమని ప్రకటించినదాని వెనుక ఉన్న సూత్రం ఇదే. ఎదురెదురుగా రెండు కిటికీలుంటే ఉత్తమం. లేకపోతే తలుపు పైన వెంటిలేటరు తెరిపించండి. పడమటి కిటికీకి పట్టు తెర కంటే వెదురు తడక ఉపయోగం. పాపికొండల దారిలో కొండరెడ్లు చేసి అమ్మే వెదురు పనితనాన్ని మెచ్చుకొని పూలగుత్తి ఒకటి కొని తెచ్చుకుంటాము గాని, అదే వెదురు మన కిటికీకి ఎంత చల్లదనమిస్తుందో తలచము.

రంగు దగ్గరకు వద్దాం. రంగు వద్దని నేననను, ఏ డబ్బాలోని రంగో చూడమంటాను. మన దేశంలో ఇళ్ళ రంగులలో సీసం పది లక్షల భాగాలలో 90 భాగాలకు మించరాదని 2016లో నియమాలు వచ్చాయి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఉంటే ఫరవాలేదు అనదగిన మోతాదు పిల్లల రక్తంలో ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సమస్య కొత్త రంగు కంటే పాత రంగుది. పూర్వం కిటికీ ఊచలకు, తలుపులకు, ఇనుప మంచాలకు వేసిన మెరుపు ఎనామిల్ పెచ్చులూడుతుంటే దానిని ఉప్పుకాగితంతో గీకించి, ఆ ధూళి గదిలో ఎగురుతుండగానే పిల్లలను ఆడుకోనిస్తారు. గీకేటప్పుడు తడిపి గీకించండి. పిల్లలను ఆ రెండు రోజులు బంధువుల ఇంటికి పంపండి. తడిగుడ్డతో నేల తుడిచి, ఆ గుడ్డ పారవేయండి. తాత వాడిన రంగుల మంచాన్ని ముచ్చటపడి మనవరాళ్ళకు వేసేవారు ముఖ్యంగా ఈ మాట గుర్తుంచుకోవాలి. దంతాలు వచ్చే చిన్నది మంచం అంచు కొరుకుతుంది.

నదికి దగ్గరగా, లోతట్టు కాలనీలలో ఉండేవారికి మరొక చిక్కు ఉన్నది. 1986లో గోదావరి భద్రాచలం వద్ద 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరి నిలిచింది. 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారంటే ఆ నీరు ఎంతటిదో ఊహించుకోండి. వరద తీసిన ఇంటి గోడలు పైకి ఆరినట్లు కనిపించినా లోపల నెలల తరబడి చెమ్మ నిలుస్తుంది. బురద మరకలు పిల్లలకు కనిపించకూడదని పండుగకు తొందరపడి వాటి మీద ప్లాస్టిక్ పెయింటు వేయిస్తే చెమ్మ లోపలే బందీ అవుతుంది. కొంతకాలానికి రంగు బుడగలెత్తి, వెనుక నల్లని బూజు పడుతుంది. ఆ బూజు రేణువులు పీల్చే పిల్లకు రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం. పరీక్ష చాలా సులువు. అరచేతి రెండింతల ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగంచులా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు ఉంచండి. లోపలివైపు నీటి బిందువులు పడితే గోడ ఇంకా తడిగా ఉన్నట్లు. అప్పటివరకు ఉత్త సున్నం చాలు. సున్నం గోడను ఊపిరి పీల్చనిస్తుంది, దాని క్షారగుణం బూజును పెరగనివ్వదు. మన పూర్వులు ఏటా సున్నం కొట్టించింది తెల్లదనం కొరకే కాదు.

బీరువా, బొమ్మలు, దీపాలు వంటి చిన్న వస్తువుల సంగతి కొంచెం వివరంగా చెప్పక తప్పదు. ఎందుకంటే ప్రమాదాలు చాలావరకు ఇక్కడే పొంచి ఉంటాయి. బట్టల మధ్య వేసే తెల్లని నాఫ్తలీన్ ఉండలను చిన్నపిల్ల పిప్పరమెంటు అనుకొని నోట వేసుకుంటుంది. ఇది ఏ ఊరిలోనైనా ప్రమాదమే గాని, మన ప్రాంతంలో దీనికి అదనపు కారణమున్నది. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల ప్రజలలో, మన గిరిజన కుటుంబాలలోనూ, జి6పిడి అనే ఎంజైము లోపం కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. మామూలుగా వారికి ఏ ఇబ్బందీ ఉండదు. కాని నాఫ్తలీన్ శరీరంలోకి వెళితే ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయి. ఒకటి రెండు రోజులలో పిల్ల పాలిపోతుంది, కళ్ళు పచ్చబడతాయి, మూత్రం టీ డికాక్షను రంగులో వస్తుంది. ఈ లోపం మగపిల్లలలో ఎక్కువ, ఆడపిల్లలకు రాదని మాత్రం కాదు. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. బట్టలకు ఎండిన వేపాకు చాలు.

కర్పూరం మరొకటి. దేవుని ఊరు గనుక ఏ ఇంట చూసినా కర్పూరపు డబ్బీ ఉంటుంది. దోమలు పోతాయని పడకగదిలో పళ్ళెంలో పెట్టేవారూ, పిల్లల దిండు క్రింద వేసేవారూ ఉన్నారు. ఒకటి రెండు బిళ్ళలు మింగినా చిన్నపిల్లకు కొద్ది నిమిషాలలోనే మూర్ఛ రావచ్చు. మింగిందని తెలిస్తే వాంతి చేయించబోకండి, ఆసుపత్రికి పరుగెత్తండి. పూజగదిలో, అందని ఎత్తున, మూత బిగించి ఉంచవలసిన వస్తువది.

గది గోడల మీద మిణుకుమిణుకుమనే దీపాల తీగలు, ఉత్తుత్తి కొవ్వొత్తులు ఇప్పుడు ప్రతి అంగడిలోను దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటికి లోపల బొత్తాము వంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. దానిని మింగిన పిల్ల అన్నవాహికలో అది ఇరుక్కుంటే రెండు గంటలలోనే తీవ్రంగా కాల్చగలదు. రేపు విసర్జనలో వస్తుందిలే అని ఇంట్లో ఎదురుచూడకూడదు. స్క్రూతో బిగించే మూత లేని దీపాన్ని చిన్నపిల్ల ఉన్న గదికి తేవద్దు. బీరువాను గోడకు బిగించండి. సొరుగులు మెట్లుగా చేసుకొని పైకెక్కడం ఏ చెల్లెలైనా చేసే పనే. బొచ్చు బొమ్మలను వారానికోసారి ఉతికి గట్టి ఎండలో వేయండి, తివాచీ మాత్రం కొనకండి. ధూళిపురుగులకు అంతకంటే మంచి నివాసం మరొకటి దొరకదు.

ఇప్పటివరకు చెప్పినవి వస్తువుల సంగతులు. అసలు విషయం మరొకటి ఉన్నది. మనం పిల్లల గది అంటాము గాని, అందులో ఉండేది ఇద్దరు వేర్వేరు మనుషులు. అక్కకు పదమూడు, చెల్లెలికి ఆరు అనుకుందాం. చిన్నది ఎనిమిదిన్నరకు నిద్రపోవాలి, పెద్దది పదింటి వరకు చదువుకోవాలి. ఒకే ట్యూబులైటు ఉన్న గదిలో ఎవరో ఒకరి అవసరం ఓడిపోతుంది. సాధారణంగా పెద్దదానిదే. ఆమె వంటింటి గట్టు మీదనో, వరండాలోనో పుస్తకం పట్టుకొని కూర్చుంటుంది. బల్ల మీద మాత్రమే పడే చిన్న దీపం, రెండు మంచాల మధ్య అమ్మ పాత చీరతో ఒక తెర. ఈ రెంటితో సమస్య చాలావరకు తీరుతుంది. ఇంతకంటే తక్కువ ఖర్చుతో అయ్యే అలంకారం నాకు తెలియదు.

చిన్నది పక్క తడిపితే లేపి బట్టలు మార్చవలసినది అక్క కాదు, తల్లిదండ్రులు. అయిదారేళ్ళ వరకు పక్క తడపడం జబ్బు కాదు. పరుపు మీద నీరింకని గుడ్డ పరచి, ఎగతాళి లేకుండా చూడండి. అక్కను కాపలాదారుగా ఆ గదిలో పెడుతున్నామా, ఆమెకు గది ఇస్తున్నామా అన్నది నిజాయితీగా ఆలోచించవలసిన ప్రశ్న. తెల్లవారుజామున నల్లా నీళ్ళకు లేపేది ఎవరిని? కొడుకునా, పెద్దకూతురినా? ఆమె నిద్ర గంటలు ఒక వారం కాగితం మీద వ్రాసి చూడండి. రక్తహీనత అనుకున్న నీరసంలో కొంత భాగం నిద్రలేమిదే అయివుండవచ్చు.

ఒకే పక్క మీద పడుకునేవారికి గజ్జి, పేలు ఒకరి నుండి మరొకరికి పాకుతాయి. దిండ్లు, దువ్వెనలు, తువ్వాళ్ళు ఎవరివి వారికి ఉండాలి. వచ్చినప్పుడు ఒక్కరికే మందు పూస్తే లాభం లేదు, ఇంటిల్లిపాదికీ ఒకే రాత్రి పూయాలి. నాయనమ్మ పిల్లలతోనే పడుకుంటే అది వారికి కథల భాగ్యం, తప్పక కొనసాగించండి. అయితే ఆమెకు రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ముందు కళ్ళె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం.

చివరగా, చాలా ఇళ్ళలో పైకి మాట్లాడని విషయం ఒకటి. గది ఎంత అందంగా తీర్చినా, పెద్దమ్మాయికి నెలసరి మొదలైన తరువాత ఆ మూడు రోజులు ఆమె ఆ గదిలో ఉండవచ్చునా, లేదా? చాప ఒకటిచ్చి వరండాలోనో, పెరటి పంచలోనో పడుకోమంటే, పైన చెప్పినవన్నీ ఒక్కసారిగా ఆమె మీదికి వస్తాయి. తెర లేని నిద్ర, నేల మీద పడక, చీకటి, దోమ, పాము. గోదావరికి ఎగువన గడ్చిరోలి గోండు గ్రామాలలో ఇందుకు వేరే గుడిసెలే ఉన్నాయి. నేపాల్ పడమటి కొండలలో ఛౌపడి అనే ఇటువంటి ఆచారం పాము కాటుకు, చలికి, పొగకు బాలికలను బలి తీసుకున్నది. అక్కడి పార్లమెంటు 2017లో దానిని శిక్షార్హమైన నేరంగా చేసింది. ఇది అడవిలోని వారి ఆచారం, మనది కాదు అని తోసిపుచ్చకండి. పట్నంలో డాబా ఇళ్ళలోనూ, చదువుకున్న కుటుంబాలలోనూ బాల్కనీలో చాప పరిచే పద్ధతి ఉన్నది. మీ పూజగది నియమాలు మీవి, వాటి జోలికి నేను రాను. పడక మాత్రం మార్చకండి. తన మంచం, తన తెర, తన దీపం నెలకు ముప్పై రోజులూ ఆమెవే కావాలి. బీరువాలో ఆమెకు తాళం ఉన్న ఒక అర, గుడ్డలు వాడేవారైతే వాటిని చాటుగా మూలన కాక ఎండ తగిలేచోట ఆరవేసుకునే తాడు, మూత ఉన్న చెత్తబుట్ట కూడా గది ప్రణాళికలో వ్రాసుకోండి. చూస్తూ పెరిగే చెల్లెలికి కూడా అప్పుడు రేపటి గురించి భయముండదు.

తలుపుకు లోపలి గడియ ఉండాలా అని కొందరు తండ్రులు సందేహిస్తారు. బట్టలు మార్చుకునే వయసు పిల్లకు గడియ అవసరమే. చిన్నది పొరపాటున వేసుకొని చిక్కుకోకుండా దానిని ఎత్తున పెట్టించండి, బయటి నుండి తీసే వీలున్నది ఎంచుకోండి. టీవీని, రాత్రిపూట ఫోనును మాత్రం ఆ గదికి దూరంగా ఉంచండి. ఫోను ఛార్జింగు హాలులో, అందరిదీ, తండ్రిది కూడా.

ఇక ఏ రంగు వేయించాలన్నది మిగిలింది. దానిని రంగుల దుకాణంవాణ్ణి కాక, నన్నూ కాక, ఆ ఇద్దరినీ అడగండి. గులాబీయే కావాలని వారనకపోవచ్చు. ఇద్దరికీ కుదరకపోతే చెరొక గోడ ఇవ్వండి. మిగిలిన రెండు గోడలకు సున్నం చాలు.